భూర్జపత్రపు ఇల్లు, గూడెం కొండలు

ఈ దేశంలోనే పుట్టి, ఇక్కడి గ్రంథాలయాలలో చదువుకుని, నేడు మీ పిల్లలకు పుస్తకాలు ఎంచి ఇస్తున్న మీతోనే ఈ నాలుగు మాటలు.

మీలో చాలామంది బాల్యంలో 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ' చదివే ఉంటారు. 1935లో వెలువడిన ఆ పుస్తకంలో, ఈ నేల మీది ఆదివాసులను మనుషుల లెక్కలో చేర్చని వాక్యం ఒకటి ఉండేది. అందులో ఒక్క పదం మార్చడానికి 1953 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ కథను అవతలి గడప నుంచి చూపినట్లుగా, ఒజిబ్వే సంతతికి చెందిన లూయిస్ అర్‌డ్రిక్ 1999లో 'ది బర్చ్‌బార్క్ హౌస్' ప్రచురించారు. బర్చ్ అంటే మన కావ్యాలలోని భూర్జవృక్షపు జాతే. కాలం 1847, స్థలం సుపీరియర్ సరస్సులోని ఒక ద్వీపం. ఏడేళ్ల ఒమాకయాస్ కుటుంబం ఆ చెట్టు పట్టతో వేసవి ఇల్లు కట్టుకుంటుంది. తోలు గీకే పనంటే ఆ పిల్లకు విసుగు. మొక్కజొన్న చేనులో కాకులను తోలుతుంది, ఒక కాకిని పెంచుకుంటుంది, పసి తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతుంది. దండు రాదు, తుపాకీ పేలదు. శీతకాలంలో ఒక బాటసారి వెంట మశూచి వస్తుంది, తమ్ముడు పోతాడు. అంతదాకా ఆ ఇంట్లో తిరిగిన బాలపాఠకునికి దురాక్రమణ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

మరి మన్యం కథను మనం ఎలా చెబుతున్నాం? 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాతో మొదలుపెట్టి, 1924 మే 7న కొయ్యూరులో ముగిస్తాం. అల్లూరి సీతారామరాజు గారి సాహసం నిస్సందేహంగా వందనీయం. కాని ఆ కథలో కొండ బిడ్డ ఇల్లెక్కడ? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడినప్పుడు ఆ ఇంటి కుండలో ఏమి ఉడికింది? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ బాట పనికి మనుషులను తోలి, కూలి ఎగవేసినప్పుడు తండ్రి ఏమి తెచ్చాడు? ఆ పోరులో నిలిచి, అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికైన గాం మల్లుదొర పేరు మన పిల్లలలో ఎందరు విన్నారు?

ఇక చెప్పడానికి కొంత సంకోచం కలిగించే సంగతి. కొండవారి భూములు పరుల పాలు కాకుండా 1917లో ఏజెన్సీ చట్టం తెచ్చారు. ఆ పరులు దొరలు కారు; అప్పులిచ్చి పొలాలు రాయించుకున్న మైదానపు షావుకార్లు. మన ఊళ్ల నుంచి వెళ్లినవారే.

ఆ కొండ ఇంట పుట్టినవారు రాస్తేనే ఆ కథకు నిండుదనం. అంతవరకు, ఆదివారం బాలల తరగతిలో మన్యం కథ చెప్పే మీరు షావుకారును కూడా కథలోకి తీసుకురండి. "అతను మనవాడేనా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. అవునని చెప్పండి.