ఎవరి విస్తరి వారిది



ఆహారమున అందరికి నొక్కటే కొలత చెల్లదు. పొలమున చెమటోడ్చువానికి చాలిన అన్నము దుకాణమున కూర్చుండువానికి భారమగును. ఎవరి పనిని, వయస్సును, దేహస్థితిని బట్టి వారి కొలత యేర్పడవలెను. కాని పెక్కు ఇండ్లలో కొలత అవసరమును బట్టి కాక, పంక్తి వరుసను బట్టి సాగుచున్నది. అందరికి వడ్డించి కడపట కూర్చుండు ఇల్లాలికి గిన్నె అడుగే మిగులును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో తెలిపిన లెక్క ప్రకారము దినమునకు పురుషునికి 19, స్త్రీకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. హెచ్చు కావలసినది ఆమెకు. తక్కువ దక్కుచున్నదియు ఆమెకే. ఆకుకూర పప్పున నిమ్మరసము పిండినచో ఇనుము చక్కగా ఒంటబట్టును. భోజనము కాగానే తేనీరు త్రాగినచో ఆ మేలు తగ్గును.

వ్యయము లేని సంస్కరణ మొకటి కలదు: నేటి రాత్రి ఇల్లాలును అందరితో కూర్చుండి భుజించుగాక!