జాలపుటల నిర్మాణం – జీవనోపాధి
(నగరంలో నివసించే తెలుగు యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. తెలుగు ఎం.ఏ. చదివి, కార్యాలయ ప్రకటనలను కన్నడం నుండి తెలుగులోకి తెచ్చే అనువాదకుణ్ణి. అయినా వెబ్‌సైట్ల నిర్మాణాన్ని స్వతంత్ర వృత్తిగా చేసుకొని బ్రతకడం గురించి మాట్లాడమన్నప్పుడు ఒప్పుకొన్నాను. అందుకు కారణం మా పినతండ్రిగారి అబ్బాయి.

వారిది సింధనూరు సమీపంలోని ఒక క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్ముకొని ఆంధ్ర ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు మీలోనూ ఉన్నారు గనుక క్యాంపు అంటే ఏమిటో వివరించనవసరం లేదు. తండ్రికి ఆరోగ్యం చెడడంతో మా తమ్ముడు హైదరాబాదు ఉద్యోగం వదలి, ఇంటినుండే వెబ్‌సైట్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. తొలి పెద్ద పని ఒక వ్యాపార సంస్థది. "ఒప్పంద పత్రం అడగమంటావా, అన్నయ్యా?" అని నన్నే అడిగాడు. "మనవాళ్లే కదరా, కాగితం అడిగితే ఏమనుకుంటారు?" అన్నాను. పని పూర్తయింది, సైటు నడుస్తున్నది. చివరి విడత సొమ్ము మాత్రం ఎనిమిది నెలలు గడచినా రాలేదు. ఆ సలహా నాది. కనుక ఆ తరువాత నేను చదివి తెలుసుకొన్నవి మీకు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము 'సాహిత్య కృతి'. సాహిత్య విద్యార్థిగా నాకిది ఆశ్చర్యం, కొంత ఆనందం కూడా కలిగించింది. జీతానికి పనిచేసే ఉద్యోగి రాసినది సామాన్యంగా యజమానికి చెందుతుంది. స్వతంత్రంగా పనిచేసేవాడు రాసిన ప్రోగ్రాముపై హక్కు, వ్రాతపూర్వకంగా బదిలీ చేసేవరకు, సామాన్యంగా అతడిదే. కాబట్టి "పూర్తి సొమ్ము అందిన నాడు హక్కులు బదిలీ అవుతాయి" అనే ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే చాలు, చివరి విడతకు బలం వస్తుంది. పూర్తి సొమ్ము చేతికందేవరకు సైటును మీ సర్వరుపైనే చూపించండి. అంతేగాని డొమైను పేరును మీ పేరిట నమోదు చేసుకొని, దానిని అడ్డుపెట్టి బాకీ వసూలు చేయకండి. అలా చేసేవారున్నారు. అది దుకాణం బోర్డును పట్టుకుపోవడం వంటిది.

రెండవది ఉద్యమ్ నమోదు. 2020 జూలై నుండి అమలులో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు. ఒంటరిగా పనిచేసేవారూ సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులకు మించి బాకీ ఉంచరాదు. గడువును కాగితంపై రాసుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదుకు పోర్టల్ ఉంది. అయితే పని అప్పగించిన తరువాత నమోదుకు పరుగెత్తితే చిక్కులు వస్తాయి, ముందే చేసుకోండి. మా తమ్ముడు చేసుకోలేదు.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు సామాన్యంగా జి.ఎస్.టి. నమోదు అక్కరలేదు. సంస్థలు మీ బిల్లులో కొంత మొత్తాన్ని ముందే పన్నుగా మినహాయించుకొంటే దిగులుపడకండి. రిటర్నులో అది మీ ఖాతాకే జమగా కనిపిస్తుంది.

ఇక పని ఎక్కడ దొరుకుతుంది? అందరి చూపూ విదేశీ కొనుగోలుదారులపైనే ఉంటుంది. అక్కడ మీ పోటీ ప్రపంచమంతటితో. మీకు తప్ప ఇతరులకు కష్టమైన పని మాత్రం మన ముంగిట్లోనే ఉన్నదని నా అభిప్రాయం. రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన జిల్లా. ఇక్కడి బియ్యం మిల్లుకు, పత్తి వర్తకునికి, ఆసుపత్రికి గద్వాల నుండి, మంత్రాలయం వైపునుండి కూడా మనుషులు వస్తారు. వారికి తెలుగు కావాలి, ఊరివారికి కన్నడం కావాలి. రెండు భాషలనూ తప్పులేకుండా తెరమీద పెట్టగలవారు ఎందరు?

ఇది చెప్పినంత సులభం కాదు. కన్నడంలో నుడి, తెలుగులో అను వంటి పాత పద్ధతి అక్షరాలతో టైపు చేసిన పాఠాన్ని యథాతథంగా సైటులో అతికిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. దానిని యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చిన తరువాత ఒత్తులను, పొల్లులను ఒక్కొక్కటిగా సరిచూడాలి, ఆ శ్రమకు విడిగా ధర కట్టాలి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, వాటి వెంటనే కన్నడానికి మరో 128 ఇచ్చారు. అక్కడ కూడా మనం ఇరుగుపొరుగే. మండలి, గిడుగు, రామభద్ర వంటి తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతాయి, వాటిని కొనవలసిన పనిలేదు.

ఆదాయం నెలనెలా రాదు. పంట అమ్మినప్పుడే ఇంట్లో డబ్బు చూసిన కుటుంబాలకు ఇది కొత్త కాదు. అయితే మన పెద్దలు గింజలు దాచేవారు, విత్తనాలు విడిగా ఉంచేవారు. మీరు కనీసం నాలుగు నెలల ఖర్చును పక్కన పెట్టుకొన్నాకనే ఉద్యోగం వదలండి. సైటుకు ఏటా నిర్వహణ ఒప్పందం అడగండి. మొత్తం చిన్నదైనా అది తేదీకి వచ్చే సొమ్ము.

మా తమ్ముడి బాకీ సంగతి చెప్పి ముగిస్తాను. జరిగిన పనిని, తేదీలను, వాట్సాప్‌లో వారు పంపిన అంగీకార సందేశాలను వరుసగా పేర్చి కన్నడంలో ఒక లేఖ రాశాం. రాసింది నేనే, రిజిస్టరు పోస్టులో పంపాం. మూడు వారాలకు సగం సొమ్ము వచ్చింది. మిగిలిన సగం కోసం రెండవ లేఖ నిన్ననే పంపాం.