కోరపన్ను దిగేలోపు



ఈరోజు పట్టాలు అందుకున్న యువ దంతవైద్యులారా, మీలో కొందరు పై చదువుకు, అంటే ఎండీఎస్‌కు వెళతారు. చాలామంది త్వరలోనే ఏదో ఒక ఊళ్ళో క్లినిక్ తెరుస్తారు. నేను ముఖ్యంగా వాళ్ళతోనే మాట్లాడాలనుకుంటున్నాను.

నాలాంటి ఆర్థోడాంటిస్టు అంటే పళ్ళకు క్లిప్పులు వేసే డాక్టరని జనం అనుకుంటారు. పెళ్ళిచూపుల ముందు ఎత్తుపళ్ళు సరిచేయించుకోవడానికి వచ్చేవాళ్ళూ ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ మా పని విలువ తెలియాలంటే పెదవి, అంగిలి చీలి గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డను చూడాలి.

మూడు నుంచి ఆరు నెలల మధ్య సర్జన్ పెదవి సరిచేస్తారు. ఏడాదికో ఏడాదిన్నరకో అంగిలి మూస్తారు. ముఖం చక్కబడింది కదా అని చాలా ఇళ్ళవాళ్ళు ఆసుపత్రికి రావడం అక్కడితో మానేస్తారు. పై పళ్ళు కూర్చునే ఎముకలో మాత్రం చీలిక అలాగే ఉండిపోతుంది. కోరపన్ను దిగాల్సింది సరిగ్గా అక్కడే. దిగడానికి ఎముక లేదు! ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య, ఆర్థోడాంటిస్టు ముందుగా ఇరుకైన పై దవడను కొద్దికొద్దిగా వెడల్పు చేస్తారు. తర్వాత సర్జన్ తుంటి నుంచి తీసిన మెత్తని ఎముకను ఆ సందులో నింపుతారు. ఆ కొత్త ఎముక గుండానే కోరపన్ను మెల్లగా కిందికి దిగుతుంది. ఎక్స్‌రేలో అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పన్ను దిగిపోయాక ఎముక నింపితే ఫలితం అంత బాగా రాదు.

ఆ వయసులో ఆ బిడ్డ మా దగ్గరికి రాదు, పుచ్చుపన్ను నొప్పితో మీ దగ్గరికి వస్తుంది. పెదవి మీద పాత కుట్ల మచ్చ కనిపిస్తే ఆగండి. దవడలు మొత్తం కనిపించే ఎక్స్‌రే, ఓపీజీ తీయించండి, ఆర్థోడాంటిస్టుకు ఉత్తరం రాయండి, ఫోన్ కూడా మీరే చేయండి. "పెద్దాసుపత్రికి వెళ్ళండి" అంటే వెళ్ళరు. ఎవరి దగ్గరికి, ఏ రోజు, ఎందుకు వెళ్ళాలో చెబితే వెళతారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందువల్ల ఇలా కాలేదమ్మా, నీ తప్పేమీ లేదు అని ఆ తల్లికి చెప్పండి. అత్తగారు పక్కనుంటే ఆవిడకూ వినపడేలా చెప్పండి. ఏళ్ళ తరబడి ఆ నింద మోస్తున్న తల్లులను నేను చూశాను.

ఎండీఎస్‌కు వెళ్ళేవాళ్ళను ఒకటే కోరతాను. పేషెంటును మీ దగ్గరికి పంపిన డాక్టరుకు తిరిగి జాబు రాయండి. ఏం చేశారో, మళ్ళీ ఎప్పుడు చూడాలో అందులో ఉండాలి. రేపు సరిచేసిన పళ్ళు కదలకుండా పెట్టిన రిటైనర్ విరిగితే ఆ పిల్ల ముందు పరిగెత్తేది ఆ ఊరి క్లినిక్‌కే.