గోడ మీద నంబరు, చేతికందే ఫోను
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిష్టారం అనగానే మనకు 2018 మార్చి 13 గుర్తొస్తుంది. ఆ రోజు కిష్టారం-పాలోడి దారిలో మందుపాతర పేలి సి.ఆర్.పి.ఎఫ్. 212వ బెటాలియన్ జవాన్లు తొమ్మిదిమంది అమరులయ్యారు. వాళ్ళను తలుచుకుంటూనే ఉంటాం. అలాంటి చప్పుళ్ళ మధ్య పెరిగిన బడిపిల్లల మాట మాత్రం మనకు తట్టదు.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ ప్రాంతంలో చాలా బళ్ళు కూలాయి, మూతపడ్డాయి. తర్వాత వెదురుతో కట్టిన పోటా కేబిన్లలో ఉంచి పిల్లల్ని చదివించారు. ఇంట్లో గోండి, దోర్లీ, సంతకొస్తే తెలుగు, బళ్ళో హిందీ. రాత్రి నిద్రపట్టని పిల్లవాడు తన బాధ ఏ భాషలో, ఎవరితో చెప్పుకోవాలండీ?

2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలి-మానస్ ప్రారంభించింది. 14416కి ఫోను చేస్తే ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. సంతోషమే. కానీ హాస్టలు పిల్లాడి దగ్గర ఫోను ఉండదు. అడవిలో సిగ్నలు వెతుక్కోవాలి. వార్డెన్ గదిలో ఫోనున్నా, ఆయన పక్కనే నిలబడి వింటుంటే నోరు విప్పుతాడా? బ్యారక్‌లో మనం విప్పామా?

విశాఖలో 2023లో ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్నచోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. గోడ మీద రాయించడం సులువే. ఆ తర్వాతిదే కష్టం.

2023 డిసెంబరు 1న పుణె ఏ.ఎఫ్.ఎం.సి.లో మన సైనికుల కోసం, కుటుంబాల కోసం టెలి-మానస్ ప్రత్యేక విభాగం పెట్టారు. ఎందుకు? బదిలీ అంటే ఏమిటో, సెలవు దొరకకపోవడం అంటే ఏమిటో మనం విడమర్చి చెప్పుకోనక్కర్లేకుండా. కిష్టారం పిల్లవాడికీ అదే కావాలి. వాడి మాట వచ్చిన వంటమనిషో, ఆయమ్మో, పంతులో ఒకరికి వినడం నేర్పాలి. బతకాలని లేదని పిల్లవాడు అంటే తిట్టకుండా, ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చోవాలి, ఫోను కలిపి ఇవ్వాలి, అవసరమైతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మన సంఘం ఏ బడికైనా బోర్డు రాయించదలిస్తే, ముందు ఆ గోడ దగ్గర నిలబడి సిగ్నలు అందుతోందో లేదో చూద్దాం. ఫోను ఎక్కడుంటే భయం లేకుండా మాట్లాడగలరో ఆ పిల్లల్నే అడుగుదాం. రంగు డబ్బా తర్వాత కొనవచ్చు.