టామ్ బ్రాడ్లీ: ఇరవై ఏళ్ల మేయర్

టామ్ బ్రాడ్లీ 1917లో టెక్సస్‌లో ఒక నల్లజాతి కౌలు రైతు ఇంట పుట్టారు. తాత బానిస. లాస్ ఏంజెలస్ పోలీసు శాఖలో లెఫ్టినెంట్ దాకా ఎదిగి, ఆపైన తలుపులు మూసుకున్నాయని గ్రహించి, ఉద్యోగం చేస్తూనే చదివిన లా పట్టాతో బయటికొచ్చారు. 1969లో మేయర్ ఎన్నికలో ఓడినా, 1973లో అదే ప్రత్యర్థి శామ్ యార్టీని ఓడించారు. అలా వరసగా ఐదు గెలుపులు, అదీ నల్లవారు ఐదోవంతైనా లేని ఊళ్లో!

క్రీడలు జరిపి అప్పులపాలైన మాంట్రియల్‌ను చూసి నగరాలన్నీ ఒలింపిక్స్ అంటేనే జంకుతున్న కాలమది. బ్రాడ్లీ నగర ఖజానాపై భారం పడకుండా 1984 క్రీడలు తన ఊళ్లో జరిపిస్తే 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. పోలీసు శాఖను దారిలో పెట్టలేకపోవడం మాత్రం, నా లెక్కలో, ఆయన వైఫల్యమే. ఆ పోలీసులపై ఆగ్రహంతో రేగిన 1992 అల్లర్లలో నగరం తగలబడింది. మరుసటి ఏడాది పదవి వదిలారు, 1998లో కన్నుమూశారు. లాస్ ఏంజెలస్‌లో మనవాళ్లు విమానం దిగే అంతర్జాతీయ టెర్మినల్‌కు ఉన్నది ఆయన పేరే.