తాళాల పని నేర్చుకుందాం అనుకుంటున్నారా? అయితే ముందు ఇది వినండి

ఈ మధ్య చాలామంది తమ్ముళ్లు నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, రీల్స్‌లో రెండు ఇనుప పుల్లలు పెట్టి పది సెకన్లలో తాళం తీసేస్తున్నారు, అది నేర్చుకుంటే బతకొచ్చా?" అని. బతకొచ్చు. మా నాన్న బతికారు, మమ్మల్ని చదివించారు. నేనూ బతుకుతున్నాను. కాకపోతే రీల్‌లో కనిపించేది ఈ పనిలో చాలా చిన్న ముక్క. మిగతాది ఎవరూ వీడియో తియ్యరు, ఎందుకంటే చూడ్డానికి బోరు.

మా నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు మెట్ల పక్కన గొడుగు వేసుకుని కూర్చునేవారు. ముందు ఒక చెక్కపెట్టె, దాని మీద చిన్న వైస్, నాలుగు ఆకురాళ్లు, తీగకి గుచ్చిన పాత తాళంచెవుల గుత్తి. షాపంటే అంతే. నేను తొమ్మిదో తరగతి నుంచి సెలవుల్లో అక్కడే. మొదటి ఏడాది నాకు తాళం ముట్టుకోనివ్వలేదు. ఇత్తడి ముక్క ఇచ్చి "సాపుగా రుద్దు" అనేవారు. రుద్దితే వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసి, మళ్లీ ఇచ్చేవారు. తిట్టుకునేవాణ్ణి లెండి.

ఎందుకు రుద్దించారో తర్వాత అర్థమైంది. మామూలు ఇంటి తాళం లోపల ఏముంటుంది? ఒక సిలిండర్, అందులో ఐదో ఆరో పిన్నుల జతలు, ప్రతి జత మీదా ఒక స్ప్రింగు. సరైన చెవి పెడితే పిన్నులన్నీ ఒకే గీత దగ్గరికి వస్తాయి, సిలిండర్ తిరుగుతుంది. ఒక్కటి కాస్త ఎక్కువ లేచినా, తక్కువ లేచినా తిరగదు. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ అనే ఆయన 1860ల్లో దీనికి పేటెంట్లు తీసుకున్నాడు. మీ తలుపుకున్నది దాదాపు అదే.

ఇప్పుడు చెవి పోయింది, డూప్లికేట్ లేదు. తాళం తీసేస్తే పని అయిపోయిందా? కస్టమర్‌కి చెవి కావాలి కదా! అక్కడ అసలు విద్య ఉంది. ఏ గాట్లూ లేని ఖాళీ చెవి తీసుకుని తాళంలో పెట్టి, కాస్త బిగించి ఆడించి బయటికి తీస్తాం. పిన్ను ఎక్కడ అడ్డుపడిందో అక్కడ ఇత్తడి మీద చిన్న మచ్చ పడుతుంది, చీమ కాలంత. సరిగ్గా అక్కడే ఆకురాయితో ఒక్క గీత గీస్తాం. మళ్లీ పెడతాం, మళ్లీ చూస్తాం. మచ్చ ఆగిపోయిన చోట రుద్దడం ఆపెయ్యాలి. ఒక్క గీత ఎక్కువైతే ఆ చెవి చెత్తబుట్టలోకి. మా నాన్న పది పదిహేను నిమిషాల్లో చేసేవారు. నాకు మొదటిసారి రెండున్నర గంటలు పట్టింది, ఏడు చెవులు పాడుచేశాను.

ఓపిక గురించి ఒక పాత కథ చెప్తాను. లండన్‌లో బ్రామా అనే కంపెనీ వాళ్లు తమ తాళాన్ని షాపు కిటికీలో పెట్టి, దీన్ని తీసినవాళ్లకి 200 గినీల బహుమతి అని బోర్డు రాశారు. కొన్ని దశాబ్దాలు ఎవరి వల్లా కాలేదు. 1851లో అక్కడ జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌కి అమెరికా నుంచి హాబ్స్ అనే తాళాల మనిషి వచ్చి తీశాడు. పదహారు రోజుల్లో, మొత్తం 51 గంటలు కూర్చుని! పది సెకన్ల రీల్ చూసేటప్పుడు ఈయన్ని గుర్తుపెట్టుకోండి.

సరే, ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

అప్పటికి నాకు ఇరవై ఒకటి. నాన్న భోజనానికి వెళ్లారు, నేనొక్కణ్ణే ఉన్నాను. బండి మీద ఒకాయన వచ్చాడు. మంచి బట్టలు, మర్యాదగా మాట్లాడాడు. "ఇంటి తాళంచెవి పోయింది తమ్ముడూ, మా ఆవిడ ఊరెళ్లింది" అన్నాడు. వెళ్లాను. ఫోన్‌లో పెళ్లి ఫొటో చూపించాడు. తలుపు తీశాను. లోపల గోడకి కూడా అదే ఫొటో ఉంది. "బీరువా చెవి కూడా ఆ గుత్తిలోనే ఉండిపోయింది" అంటే అదీ తీశాను. ఆరొందలు అడిగితే బేరం ఆడకుండా ఇచ్చాడు. వన్‌టౌన్‌లో బేరం ఆడని మనిషి! అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

మూడో రోజు ఒకావిడ తన అన్నయ్యతో కలిసి మా గొడుగు దగ్గరికి వచ్చారు. ఆయన ఆవిడ భర్తే, అబద్ధం కాదు. కానీ ఏడాదిగా విడిగా ఉంటున్నారు, కోర్టులో కేసు నడుస్తోంది. ఆ ఇల్లు ఆవిడ పేరు మీద అద్దెకు తీసుకున్నది. బంగారం పోయింది. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. "నా డిగ్రీ సర్టిఫికెట్లు కూడా పట్టుకెళ్లాడు బాబూ. నువ్వు ఒక్కమాట పక్కింట్లో అడిగి ఉంటే చెప్పేవాళ్లు" అన్నారు.

స్టేషన్‌లో రాత్రి దాకా కూర్చోబెట్టారు, స్టేట్‌మెంట్ తీసుకున్నారు. నా మీద కేసు పెట్టలేదు. బంగారం సంగతి ఏమైందో నాకు తెలీదు. సర్టిఫికెట్లు మాత్రం దొరకలేదని తర్వాత విన్నాను.

నాన్న నన్ను ఏమీ అనలేదు. ఆ రాత్రే ఒక పొడుగు నోట్‌బుక్ కొనుక్కొచ్చి, "చెయ్యి నేర్పాను గానీ అడగడం నేర్పలేదు" అన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ రాస్తున్నాను. పేరు, ఫోన్ నంబరు, టైము, ఏ తలుపు, ఏం చూపించారు, పక్కింటివాళ్లలో ఎవరు వచ్చి నిలబడ్డారు. ఆ అడ్రసుతో ఆధార్ గానీ కరెంటు బిల్లు గానీ ఉండాలి. అద్దె ఇల్లయితే ఓనరుతో ఫోన్‌లో మాట్లాడతాను. బీరువాకి ఇంకా గట్టిగా అడుగుతాను. కొంతమంది "దొంగల్లా కనిపిస్తున్నామా?" అని కోప్పడి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. అలాగని రూలు రూలే అని కూర్చోకూడదు. ఒకసారి తలుపు గాలికి పడి లాక్ అయిపోయింది, లోపల స్టవ్ మీద పాలు, మంచం మీద చంటిబిడ్డ, బయట తల్లి నైటీలో ఏడుస్తోంది. చుట్టూ అపార్ట్‌మెంట్ అంతా ఉంది. అప్పుడు ముందు తలుపు తీశాను, పుస్తకం తర్వాత తీశాను.

ఇప్పుడు పని మారింది. కారు చెవి తలలో చిప్ ఉంటుంది. చెవి అచ్చం అలాగే కోసినా, చిప్‌ని కారు గుర్తుపట్టకపోతే ఇంజిన్ స్టార్ట్ అవ్వదు. దానికి ప్రోగ్రామింగ్ మెషిన్ కావాలి, మంచివి ఖరీదే. అప్పు చేసి మొదట్లోనే కొనకండి, ఎవరి దగ్గరైనా చేరి చూడండి. డిజిటల్ లాక్‌లకి వచ్చే కాల్స్‌లో చాలావరకు బ్యాటరీ అయిపోయిన కేసులే. చాలా మోడళ్లకి బయట కింద రెండు చిన్న పాయింట్లు ఉంటాయి. 9 వోల్టుల బ్యాటరీ తాకించి కోడ్ నొక్కితే చాలు. ఇది ఫోన్‌లోనే చెప్పేస్తాను, డబ్బులు తీసుకోను. వాళ్లే తర్వాత నలుగురికి నా నంబర్ ఇస్తారు.

ఎక్కడ నేర్చుకోవాలి అంటారా? అమెరికాలో టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఈ పనికి లైసెన్సే ఉండాలి. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువమంది ఒక పెద్దాయన పక్కన కూర్చునే నేర్చుకుంటున్నారు. నన్నడిగితే ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్లు చెయ్యండి. ఆకురాయి పట్టడం, కొలత తీసుకోవడం పద్ధతిగా వస్తుంది, చేతిలో సర్టిఫికెట్ కూడా ఉంటుంది.

ఈలోపు ఒకే రకం ఇత్తడి కప్పతాళాలు రెండు కొనండి. ఒకటి విప్పి పిన్నులు, స్ప్రింగులు తెల్లబట్ట మీద పరిచి చూడండి. స్ప్రింగులు ఎగిరిపోతాయి, ఫ్యాన్ ఆపండి. ప్రాక్టీసు మీ సొంత తాళం మీదే, అదీ వాడకంలో లేని దాని మీదే. ఇంటి మెయిన్ డోర్ మీద చేసి లోపల విరగ్గొట్టి, నాకు ఫోన్ చెయ్యకండి. వచ్చే ఎపిసోడ్‌లో బీరువా లీవర్ తాళం విప్పి చూపిస్తాను. సన్నటి గుండ్రటి ఆకురాయి ఒకటి కొని పెట్టుకోండి.