సంఘ భవనపు ప్లానులో కరెంటు పని



పాలశీతలీకరణకు గది కట్టదలచినపుడు గోడల గురించి, కప్పు గురించి మనం పదిసార్లు అడుగుతాం. కరెంటు ప్లానును మాత్రం చూడకుండానే తీర్మానం చేస్తాం. తనిఖీలలో మాకు తరచు కనిపించే లోపాలు నాలుగు.

మొదటిది, ప్లానులో 5 హార్సుపవరు మోటారు ఉంటుంది, అంచనాలో 3 ఉంటుంది. రెండూ ఒకటి కావాలి. నేరుగా స్టార్టు చేసే మోటారు ఆ క్షణాన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. వైరు, స్టార్టరు దానికి తగినవి రాయించాలి.

రెండవది, లైట్లు, పాల పరీక్ష యంత్రం, కంప్రెసరు అన్నీ ఒకే లైనుపై చూపడం. కంప్రెసరుకు వేరే లైను ఉండాలి.

మూడవది, క్యాన్లు కడిగేచోట స్విచ్చిబోర్డు. దానిని తడి తగలని గోడకు మార్చాలి.

నాలుగవది, "ఎర్తింగు నిబంధనల ప్రకారం" అని ఒక్కమాట రాసి ఊరుకోవడం. ఎర్తు గుంటలు ఎక్కడో ప్లానులో చూపాలి. త్రీఫేజు మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తు తీగలుండాలి. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు కూడా రాయించాలి. తడినేలపై నిలబడి పాలు పోసేది మన ఇంటివారే.

కాగితంపై గీత మార్చడానికి రబ్బరు చాలు. పూత పూసిన గోడ పగలగొడితే ఆ ఖర్చు మన పాల డబ్బులోనిదే. కనుక టెండరు పిలవకముందే లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేత ప్లాను, అంచనా రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి. ఆ తరువాతే తీర్మానం రాయండి.